ఐఆర్‌ఎస్ పేరుతో బెదిరింపు ఫోన్ వస్తే

అమెరికాకి కొత్తగా వచ్చిన మనవాళ్లు ట్యాక్స్ సీజన్ మొదలయ్యిందంటే చాలు, ఇక్కడి ట్యాక్స్ శాఖ ఐఆర్‌ఎస్ గురించి నన్ను ఒకే మాట అడుగుతుంటారు. "ఐఆర్‌ఎస్ నుంచి ఫోన్ వచ్చిందండీ. ఏదో బాకీ ఉందట, ఇవాళే కట్టకపోతే అరెస్ట్ వారంట్ ఇస్తారట. నిజమేనా?" నిజం కాదు. ఫోన్ ఇంకా లైన్లో ఉంటే ముందు పెట్టేయండి. మిగతాది ఆ తర్వాత నెమ్మదిగా చదవండి.

చదువుకున్నవాళ్లు కూడా దీన్ని ఎందుకు నమ్ముతారని ఆశ్చర్యపోనక్కర్లేదు. ఫోన్ చేసినవాడు మీ పూర్తి పేరు, పాత అడ్రస్ చెబుతాడు. ఒక్కోసారి ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్యైన సోషల్ సెక్యూరిటీ నంబర్లో చివరి నాలుగు అంకెలు కూడా చెబుతాడు. ఎక్కడెక్కడో లీకైన డేటాలోంచి ఇవన్నీ దొరుకుతాయి. ఫోన్లో వాషింగ్టన్ కోడ్ 202తో నంబర్ కనిపిస్తుంది, లేదా ఏకంగా ఐఆర్‌ఎస్ అనే వస్తుంది. అలా కనిపించేలా చేయడం వాళ్లకి చిటికెలో పని. బ్యాడ్జ్ నంబర్, కేసు నంబర్ అడక్కుండానే చెబుతారు. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కిందికి రాదు.

ఈ మోసం 2013 నుంచీ పెద్ద ఎత్తున నడుస్తోంది. 2016 అక్టోబర్‌లో ముంబై పక్కన థానే పోలీసులు మీరా రోడ్‌లోని ఈ ఫోన్లు చేసే కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. అదే నెలలో అమెరికా న్యాయశాఖ అహ్మదాబాద్‌లోని 5 కాల్ సెంటర్ల మీద, 56 మంది మీద అభియోగాలు మోపింది. 2018 జూలైలో ఆ ముఠాలో 21 మందికి ఇక్కడి కోర్టులో శిక్షలు పడ్డాయి, కొందరికి 20 ఏళ్ల వరకు. పెద్దవయసువాళ్లూ, కొత్తగా వలస వచ్చినవాళ్లూ వాళ్లకి సులువుగా దొరికేవాళ్లు. అందుకే చెబుతున్నాను, అవతలివాడు మన యాసలో మాట్లాడాడనో, హిందీలో ఓదార్పుగా మాట్లాడాడనో మెత్తబడకండి.

అసలు వాళ్ల ఆయుధం ట్యాక్స్ కాదు, మన వీసా భయం. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి "డిపోర్ట్ చేస్తాం" అన్న ఒక్క మాట చాలు, కాళ్లూ చేతులూ ఆడవు. ఇల్లు, పిల్లల చదువు, ఊళ్లో తీర్చాల్సిన అప్పు అన్నీ కళ్లముందు తిరుగుతాయి. ఈ విషయం మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. వీసా స్టేటస్ రద్దు చేసే అధికారం ఐఆర్‌ఎస్‌కి లేదు. డ్రైవింగ్ లైసెన్స్ కూడా అది రద్దు చేయలేదు. ఫోన్లో పోలీసుల్ని పంపిస్తామని బెదిరించడం ఐఆర్‌ఎస్ పద్ధతి కానే కాదు. ఎఫ్-1 మీద చదువుకుంటున్న పిల్లలకి "ఫెడరల్ స్టూడెంట్ ట్యాక్స్ కట్టలేదు" అని ఈ మోసగాళ్లు ఫోన్ చేస్తారు. అలాంటి ట్యాక్సే లేదు. "నీ సోషల్ సెక్యూరిటీ నంబర్ సస్పెండ్ అయింది" అనేది ఇంకో రకం. ఆ నంబర్‌ని సస్పెండ్ చేయడమన్నదే ఉండదు.

వాళ్లు చేసే ఇంకో పని నాకు అన్నిటికంటే దుర్మార్గంగా అనిపిస్తుంది. ఫోన్ పెట్టనివ్వరు. "లైన్లోనే ఉండు, ఇది రహస్య విచారణ, ఇంట్లోవాళ్లకి చెప్పినా కేసు అవుతుంది" అంటారు. అలా మాట్లాడిస్తూనే షాపుకి నడిపిస్తారు, గిఫ్ట్ కార్డులు కొనిపిస్తారు, వెనక గీకి ఆ నంబర్లు చదవమంటారు. క్యాషియర్ అడిగితే చుట్టాలకి బహుమతి అని చెప్పమంటారు. పక్కమనిషితో ఒక్క నిమిషం మాట్లాడితే ఇదంతా కూలిపోతుందని వాళ్లకి బాగా తెలుసు. కాబట్టి ఎవరికీ చెప్పొద్దని అన్నారంటే వెంటనే ఎవరికో ఒకరికి చెప్పండి. భార్యకో, భర్తకో, రూమ్మేట్‌కో, ఆఫీసులో పక్క సీటువాళ్లకో. పరువు పోతుందని లోపలే దాచుకుని నలిగిపోవద్దు. గిఫ్ట్ కార్డుతో, క్రిప్టోతో, జెల్ అనే డబ్బు పంపే సర్వీసుతో ట్యాక్స్ కట్టమని ఐఆర్‌ఎస్ అడగదు.

మరి నిజంగా బాకీ ఉంటే? ఐఆర్‌ఎస్ సాధారణంగా ముందు పోస్టులో ఉత్తరం పంపుతుంది. మొదటి పలకరింపు ఈమెయిల్లోనో, టెక్స్ట్ మెసేజ్‌లోనో రాదు. "మీ రీఫండ్ సిద్ధంగా ఉంది, ఈ లింక్ నొక్కండి" అని వచ్చే మెసేజ్ కూడా ఈ మోసంలో భాగమే. అనుమానం తీరాలంటే బ్రౌజర్లో ఐఆర్‌ఎస్ డాట్ గవ్ అని మీరే టైప్ చేసి, మీ అకౌంట్లోకి వెళ్లి బాకీ ఉందో లేదో చూసుకోండి. అకౌంట్ లేకపోతే 800-829-1040కి ఫోన్ చేయండి. చాలాసేపు ఆగాల్సి వస్తుంది, అయినా ఆగండి. మీకు ఫోన్ చేసినవాళ్లు ఇచ్చిన నంబర్‌కి మాత్రం తిరిగి చేయకండి.

ఫోన్ల విషయంలో ఒక్క మినహాయింపు ఉంది. పాత బాకీల వసూలుని ఐఆర్‌ఎస్ 2017 నుంచి కొన్ని ప్రైవేటు ఏజెన్సీలకి అప్పగిస్తోంది. వాళ్లు ఫోన్ చేస్తారు, కానీ అంతకుముందే ఐఆర్‌ఎస్ నుంచి ఒక ఉత్తరం, ఆ ఏజెన్సీ నుంచి ఇంకో ఉత్తరం ఇంటికి వస్తాయి. డబ్బు కూడా ఏజెన్సీకి కాదు, యునైటెడ్ స్టేట్స్ ట్రెజరీ పేరునే కట్టాలి. కొత్తగా వచ్చినవాళ్లకి ఇంత పాత బాకీ ఉండే అవకాశం తక్కువ.

ఇదంతా విని ఐఆర్‌ఎస్ పేరుతో వచ్చే ఉత్తరాలన్నీ చెత్తబుట్టలో పడేసేవాళ్లు కూడా ఉన్నారు. అది ఇంకో ప్రమాదం. ఐటీలో ఉన్న మనవాళ్లకి తరచుగా వచ్చేది సీపీ2000 నోటీసు. ఆర్‌ఎస్‌యూ షేర్లు (జీతంతోపాటు కంపెనీ ఇచ్చేవి) అమ్మి, ఆ అమ్మకాన్ని రిటర్న్‌లో చూపించడం మరిచిపోతే బ్రోకర్ పంపిన లెక్కకీ మీ లెక్కకీ పొంతన కుదరదు. అప్పుడు ఐఆర్‌ఎస్ కట్టాల్సిన మొత్తాన్ని పెద్దగా లెక్కేసి పంపుతుంది. అది బిల్లు కాదు, వాళ్ల ప్రతిపాదన మాత్రమే. జవాబివ్వడానికి మామూలుగా 30 రోజులు ఇస్తారు. షేర్లు చేతికొచ్చినప్పటి విలువ జీతంలో కలిసి వాటి మీద ట్యాక్స్ అప్పటికే కట్టి ఉంటారు కాబట్టి, ఆ కాగితాలు జతచేసి జవాబు రాస్తే చాలాసార్లు ఆ మొత్తం బాగా తగ్గిపోతుంది. అసలు ఐఆర్‌ఎస్‌కీ దొంగకీ తేడా ఇక్కడే తెలుస్తుంది. అసలువాళ్లు గడువిస్తారు, కాదని వాదించుకునే హక్కిస్తారు.

డబ్బు అప్పటికే పోయిందా? బాధపడుతూ కూర్చోకుండా ఆ గంటలోనే కదలండి. గిఫ్ట్ కార్డయితే కార్డు, రసీదు దగ్గర పెట్టుకుని ఆ కార్డు కంపెనీకి ఫోన్ చేయండి. బ్యాంకు నుంచి పంపి ఉంటే బ్యాంకుకి చేయండి. తర్వాత ట్రెజరీ శాఖలో ఈ ఫిర్యాదులు చూసే టిగ్టాకి, 800-366-4484 నంబర్లో చెప్పండి. వినియోగదారుల ఫిర్యాదులు చూసే ఎఫ్‌టీసీ వెబ్‌సైట్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయండి. సోషల్ సెక్యూరిటీ నంబర్ చెప్పేసి ఉంటే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ సంస్థల్లోనూ క్రెడిట్ ఫ్రీజ్ పెట్టండి, మీ పేరు మీద ఇంకొకరు కొత్త అప్పు తీసుకోకుండా. దానికి పైసా ఖర్చు లేదు.

విజిటర్ వీసా మీద అమ్మానాన్నలు వచ్చి ఉంటే, మీరు ఆఫీసుకి వెళ్లాక ఇంట్లో ఫోన్ తీసేది వాళ్లే. "మీ అబ్బాయిని పోలీసులు పట్టుకున్నారు" అంటే వాళ్ల గుండె ఆగినంత పనవుతుంది. వచ్చిన మొదటి వారంలోనే కూర్చోబెట్టి చెప్పండి. తెలియని నంబర్ ఎత్తొద్దని, ఎత్తినా ఏం మాట్లాడకుండా పెట్టేసి మీకు ఫోన్ చేయమని.

ఇంకొక పని ఈ వారమే చేసుకోండి. ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో ఐడెంటిటీ ప్రొటెక్షన్ పిన్ తీసుకోవచ్చు, ఆరంకెల నంబర్, ఏటా మారుతుంది. అది లేకుండా మీ సోషల్ సెక్యూరిటీ నంబర్ మీద ఇంకెవరూ ఆన్‌లైన్లో రిటర్న్ వేయలేరు. ఆ పిన్ మీ రిటర్న్ చేసే సీపీఏకి తప్ప ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు. ఐఆర్‌ఎస్ కూడా ఫోన్ చేసి దాన్ని అడగదు.