ఇనుముతో కరెంటు ఎందుకు తీయలేం? – ఈ నెల ఫిజిక్స్ ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం విజయవాడ, గుంటూరు హాస్టళ్ల నుంచే వచ్చాయి, సెకండియర్‌లో కేంద్రకాల చాప్టర్ నడుస్తున్నట్టుంది. అందులో ఒక ప్రశ్న నాకు ఎంత నచ్చిందంటే, మిగతావాటికి చోటు తగ్గినా సరే దానికి పూర్తిగా జవాబు చెప్పాలనుకున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను కానూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నాను. మా మెటీరియల్లో "బంధన శక్తి అంటే కేంద్రకంలో దాగి ఉన్న శక్తి" అని ఉంది. గ్రాఫ్ చూస్తే ఒక్కో న్యూక్లియాన్‌కి (అంటే ప్రోటాన్ లేదా న్యూట్రాన్‌కి) బంధన శక్తి ఇనుముకి ఎక్కువ, యురేనియంకి తక్కువ. ఎక్కువ దాగి ఉన్న ఇనుముని వదిలేసి యురేనియంతో కరెంటు ఎందుకు తీస్తున్నారు? క్లాసులో అడిగితే ఎగ్జామ్‌లో రాదు, ఫార్ములా గుర్తుపెట్టుకో అన్నారు. నాకు మాత్రం అక్కడే ఆగిపోయినట్టుంది.
– ఒక విద్యార్థిని, విజయవాడ

జవాబు: అమ్మాయ్, నువ్వు ఆగిన చోటు సరైన చోటే. ఆ మెటీరియల్లో వాక్యమే తప్పు. ఆ తప్పు వాక్యాన్ని నమ్మి గ్రాఫ్ చూస్తే ఎవరికైనా నీకొచ్చిన డౌటే రావాలి, రాకపోతే గ్రాఫ్ చూడలేదని అర్థం.

బంధన శక్తి ఇప్పుడు కేంద్రకంలో ఉన్న శక్తి కాదమ్మా. ప్రోటాన్లు, న్యూట్రాన్లు దగ్గరికొచ్చి కేంద్రకంగా అతుక్కున్నప్పుడు బయటికి పోయిన శక్తి అది. వాటిని మళ్లీ విడివిడిగా లాగాలంటే అంత శక్తీ మనం తిరిగి పెట్టాలి. బావిలోకి చేద జారి పడిందనుకో, ఎంత లోతుకి పడితే పైకి తీయడానికి అంత కష్టపడాలి కదా, బంధన శక్తి అంటే ఆ లోతు. గ్రాఫ్‌లో ఎంత పైన ఉంటే బావిలో అంత లోతున ఉన్నట్టు. ఇనుము బావి అడుగున ఉంది, అక్కడి నుంచి ఇంకా కిందికి పడే దారి లేదు కాబట్టి దాని దగ్గర మనం తీసుకునేది ఏమీ లేదు. యురేనియం కాస్త పైన ఒక గట్టు మీద ఆగి ఉంది, ఒక న్యూట్రాన్ వచ్చి కదిపితే రెండు ముక్కలై కిందికి జారుతుంది, ఆ జారినంత మేర శక్తి మనకొస్తుంది.

ఇప్పుడు పెన్ను తీసుకుని ఈ లెక్క చెయ్యి, చేస్తే తప్ప ఇది ఒంటబట్టదు. ప్రోటాన్ ద్రవ్యరాశి 1.00728 పరమాణు ద్రవ్యరాశి యూనిట్లు, న్యూట్రాన్‌ది 1.00866. రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు కలిపితే 4.03188 రావాలి. కానీ హీలియం కేంద్రకాన్ని కొలిస్తే 4.00151 మాత్రమే ఉంటుంది. తగ్గిన 0.03037 యూనిట్లే ద్రవ్యరాశి లోపం. ఒక యూనిట్ 931.5 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులకి సమానం, దీన్ని పొట్టిగా ఎంఈవీ అంటాను, కాబట్టి గుణిస్తే 28.3 ఎంఈవీ, నాలుగు న్యూక్లియాన్లకి పంచితే ఒక్కోదానికి 7 పైచిలుకు. అంటే హీలియం తన భాగాల కంటే తేలికగా ఉంది, ఎందుకంటే అతుక్కునేటప్పుడే ఆ బరువు శక్తిగా వెళ్లిపోయింది. ఎంట్రన్స్‌కి చదివేవాళ్లు ఒకటి గమనించాలి: పట్టికల్లో చాలాసార్లు ఇచ్చేది మొత్తం పరమాణువు ద్రవ్యరాశి, అందులో ఎలక్ట్రాన్లు కూడా ఉంటాయి. అప్పుడు ప్రోటాన్ బదులు హైడ్రోజన్ పరమాణువు విలువ 1.00783 వాడాలి, లేకపోతే ఆప్షన్లలో పక్కనే పెట్టిన తప్పు జవాబు టిక్ చేసి వస్తారు.

యురేనియం-235 దగ్గర ఒక్కో న్యూక్లియాన్‌కి బంధన శక్తి సుమారు 7.6 ఎంఈవీ, అది చీలితే వచ్చే ముక్కలకి సుమారు 8.5. తేడా 0.9, దాన్ని 235తో గుణిస్తే దాదాపు 200 ఎంఈవీ. ఈ 200ని మొదటిసారి లెక్కగట్టింది భౌతిక శాస్త్రవేత్తలు లీజె మైట్నర్, ఆమె అక్క కొడుకు ఓటో ఫ్రిష్. 1938 డిసెంబరులో బెర్లిన్‌లో రసాయన శాస్త్రవేత్తలు హాన్, స్ట్రాస్‌మన్‌లు యురేనియం మీదికి న్యూట్రాన్లు పంపితే దానికంటే చాలా తేలికైన బేరియం కనిపించి తికమక పడ్డారు. యూదు కుటుంబంలో పుట్టినందుకు అప్పటికే జర్మనీ వదిలి స్వీడన్‌లో తలదాచుకున్న మైట్నర్‌కి ఆ సంగతి ఉత్తరంలో చేరింది, క్రిస్మస్ సెలవులకి వచ్చిన ఫ్రిష్‌తో కూర్చుని ముక్కల ద్రవ్యరాశి ప్రోటాన్‌లో ఐదో వంతు తగ్గుతుందని లెక్క తేల్చింది. నువ్వు చేసే లెక్కే ఆమె చేసింది. నోబెల్ మాత్రం హాన్ ఒక్కడికే ఇచ్చారు, అది అన్యాయమనే నేను అనుకుంటాను.

200 ఎంఈవీ ఎంతో తెలియాలంటే, బొగ్గులో ఒక కార్బన్ పరమాణువు కాలితే వచ్చేది దాదాపు 4 ఎలక్ట్రాన్ వోల్టులు. మిలియన్లు కాదు, ఉత్త నాలుగు. ఒక్కో పరమాణువు లెక్కన ఐదు కోట్ల రెట్లు తేడా. గ్రాము యురేనియం-235 మొత్తం విచ్ఛిత్తి చెందితే మంచి బొగ్గు మూడు టన్నులు కాల్చినంత వేడి వస్తుంది. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌కి బొగ్గు రైళ్లలో వస్తుంది కదా, కల్పాక్కం అణు విద్యుత్ కేంద్రంలో ఆ పని కొద్దిపాటి యురేనియం చేస్తుంది, తర్వాత నీళ్లు ఆవిరి కావడం, టర్బైన్ తిరగడం రెండు చోట్లా ఒకటే. మన సహజ యురేనియంలో చీలే 235 రకం 0.7 శాతమే ఉంటుంది, అందుకే న్యూట్రాన్లని పెద్దగా మింగకుండా వేగం మాత్రం తగ్గించే భారజలం వాడతారు, అది తయారయ్యే ప్లాంట్లలో ఒకటి గోదావరి పక్కన మణుగూరులో ఉంది.

గ్రాఫ్ ఎడమ పక్క, అంటే తేలిక మూలకాల వైపు, కథ కూడా ఇదే. హైడ్రోజన్ కలిసి హీలియం అయితే లోతుకి జారినట్టే, కాబట్టి శక్తి వస్తుంది. సూర్యుడు అలా సెకనుకి దాదాపు 40 లక్షల టన్నుల ద్రవ్యరాశిని శక్తిగా మారుస్తున్నాడు. సూర్యుడి కంటే చాలా పెద్ద నక్షత్రాల్లో ఈ సంలీనం ఇనుము దాకా నడుస్తుంది, అక్కడితో వాటికి శక్తి ఇచ్చే దారి మూసుకుపోతుంది. గ్రాఫ్ శిఖరాన నిజానికి నికెల్-62 ఉంటుంది, ఇనుము పక్కనే, కానీ పరీక్షలో ఇనుము అని రాస్తే చాలు.

ప్రశ్న: బీటా కణం అంటే ఎలక్ట్రాన్, అది కేంద్రకంలోంచి వస్తుంది అంటున్నారు. అంటే కేంద్రకంలో ఎలక్ట్రాన్లు ఉన్నట్టేనా? బిట్ పేపర్లో లేవు అని ఉంది.
– ఒక విద్యార్థి, మంగళగిరి

జవాబు: బిట్ పేపర్ కరెక్టే బాబూ. ఎలక్ట్రాన్ అక్కడ ముందు నుంచీ ఉండి బయటికి రాలేదు, ఆ క్షణంలో పుట్టింది. న్యూట్రాన్ 939.6 ఎంఈవీ, ప్రోటాన్ 938.3, ఎలక్ట్రాన్ 0.5. న్యూట్రాన్ కొంచెం బరువు కాబట్టి మిగతా రెండింటిగా మారగలదు, ఇంకా 0.8 దాకా మిగులుతుంది కూడా. ఒంటరిగా వదిలేసిన న్యూట్రాన్ సగటున పావుగంట లోపే ఇలా మారిపోతుంది. మరి హీలియంలోనో, నీ ఒంట్లోని కార్బన్‌లోనో ఉన్న న్యూట్రాన్లు ఎందుకు మారవు? మారితే వచ్చే కొత్త కేంద్రకం బరువెక్కువ అవుతుంది, ఆ అదనపు బరువుకి శక్తి ఎక్కడా లేదు, అందుకే మారవు. పైన అమ్మాయికి చెప్పిన బంధన శక్తే ఇక్కడా నిర్ణయిస్తుంది.

ఇంకో సంగతి ఉంది. బయటికి వచ్చే ఎలక్ట్రాన్లు ఒకే శక్తితో రావు, ఒక్కోటి ఒక్కోలా వస్తుంది, మిగిలిన శక్తి ఏమైందో చాలా ఏళ్లు ఎవరికీ అర్థం కాలేదు. శక్తి నిత్యత్వ నియమమే తప్పేమో అని నీల్స్ బోర్ అంతటివాడు అనుకున్నాడు. 1930లో పౌలి అనే శాస్త్రవేత్త మాత్రం మనకి కనపడని కణం ఒకటి దాన్ని పట్టుకుపోతోందన్నాడు. అదే న్యూట్రినో, అది నిజంగా చిక్కేసరికి 1956 అయింది. వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ 1965లో మన కోలారు బంగారు గనుల్లోనూ పట్టుకున్నారు, నేలకి రెండు కిలోమీటర్లకు పైగా లోతులో. ఇది మన పాఠ్యపుస్తకాల్లో పెద్దక్షరాలతో ఉండాల్సిన విషయం.

ప్రశ్న: మా అత్తగారికి పెట్ స్కాన్ చేశారండి. ముందు రేడియోధార్మిక మందు ఎక్కించి, సాయంత్రం దాకా చిన్నపిల్లల్ని ఎత్తుకోవద్దన్నారు. మా అబ్బాయేమో దాని అర్ధాయువు రెండు గంటలే, నాలుగు గంటల్లో మొత్తం పోతుంది అంటాడు. నిజమేనా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
– ఒక గృహిణి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: టెన్షన్ పడకండి. మీ అబ్బాయి మొదటి మాట దాదాపు సరైనదే, రెండోదే తప్పు. ఈ స్కాన్‌లో మామూలుగా వాడేది ఫ్లోరిన్-18, దాని అర్ధాయువు 110 నిమిషాలు. మొదటి 110 నిమిషాల్లో సగం పోతే, తర్వాతి 110 నిమిషాల్లో మిగిలిన దాంట్లో సగం పోతుంది, అంటే పావు వంతు ఉంటుంది. ఆరు గంటలకి పదో వంతు మిగులుతుంది, మర్నాడు పొద్దుటికి లెక్కపెట్టదగినంత ఉండదు. మూత్రంలో పోయేది వేరే ఉంది కాబట్టి ఒంట్లో ఇంకా తొందరగానే తగ్గుతుంది. అందుకే సాయంత్రం దాకా అన్నారు, వాళ్లు చెప్పినట్టే చేయండి. ఆవిణ్ని ముట్టుకుంటే ఇంకొకరు రేడియోధార్మికం అయిపోరు. మందు తీసుకోని మనిషి ఒంట్లో కూడా పొటాషియం-40 సెకనుకి నాలుగు వేల పరమాణువుల చొప్పున క్షీణిస్తూనే ఉంటుంది, పుట్టిన దగ్గర్నుంచీ.

మీ అబ్బాయికి ఇది చెప్పండి: ఏ ఒక్క పరమాణువుకీ వయసు లేదు. గంట నుంచి ఉన్నదైనా, ఇప్పుడే తయారైనదైనా, వచ్చే నిమిషంలో క్షీణించే అవకాశం రెండింటికీ ఒకటే. సగం సగం లెక్క అక్కడి నుంచే వస్తుంది. ఆ ఫ్లోరిన్ వదిలేది పాజిట్రాన్‌ని, అంటే ఎలక్ట్రాన్‌కి ప్రతికణం. అది ఒంట్లో ఎలక్ట్రాన్‌ని తాకగానే రెండూ మాయమై, 0.511 ఎంఈవీ చొప్పున రెండు గామా ఫోటాన్లు ఎదురెదురు దిక్కుల్లో బయల్దేరతాయి, మెషిన్ వాటిని పట్టుకుని బొమ్మ గీస్తుంది. 0.511 అంటే ఎలక్ట్రాన్ ద్రవ్యరాశే. ఐన్‌స్టైన్ సమీకరణం మీ అత్తగారి స్కాన్ రిపోర్టులో పనిచేసింది.

ప్రశ్న: మా అమ్మాయి ఇంజనీరింగ్ వద్దు, కేంద్రక భౌతికమే చదువుతానంటోంది. దారి ఏమైనా ఉందా?
– ఒక తండ్రి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఉందండి, చదవనివ్వండి. ఇంటర్ తర్వాత ఐసర్‌లకి, అంటే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా పరిశోధన సంస్థలకి, ఐఏటీ అనే పరీక్ష ఉంది, తిరుపతిలోనే ఒక ఐసర్ ఉంది. భువనేశ్వర్‌లోని నైసర్ అనే అలాంటి సంస్థకే నెస్ట్ అనే పరీక్ష రాయాలి. ఎమ్మెస్సీ తర్వాత బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ట్రైనింగ్ స్కూల్ ఉంది, బీటెక్ వాళ్లనీ తీసుకుంటారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతిక శాఖని నిలబెట్టింది భీమవరం ప్రాంతంలో పుట్టిన స్వామి జ్ఞానానంద, సన్యాసం తీసుకున్నాక యూరప్ వెళ్లి ఫిజిక్స్‌లో పరిశోధన చేసిన మనిషి. మనవాళ్లకి ఈ దారి కొత్తేం కాదు.

ప్రశ్న: ప్రోటాన్‌లో మూడు క్వార్కులు ఉంటే వాటి ద్రవ్యరాశి కలిపితే ప్రోటాన్ ద్రవ్యరాశి రావాలి కదా?
– బీఎస్సీ విద్యార్థి, తెనాలి

జవాబు: రాదు, దగ్గరికి కూడా రాదు. రెండు అప్ క్వార్కులు, ఒక డౌన్ క్వార్కు కలిపితే 9 ఎంఈవీ చుట్టుపక్కల వస్తుంది, ప్రోటాన్ 938. అంటే ఒక్క శాతం. మిగతాదంతా లోపల క్వార్కులు కదిలే శక్తి, వాటిని పట్టి ఉంచే గ్లువాన్ల శక్తి. కేంద్రకం తన భాగాల కంటే తేలిక అని పైన చూశాం, ప్రోటాన్ తన భాగాల కంటే వంద రెట్లు బరువు. క్వార్కులు విడిగా దొరకవు, లాగి విడదీద్దామంటే పెట్టిన శక్తితో కొత్త క్వార్కులే పుట్టుకొస్తాయి, కాబట్టి ఇక్కడ బంధన శక్తి అనే లెక్క అదే రూపంలో పనిచేయదు. 2012 జూలై 4న హిగ్స్ కణం దొరికిందని ప్రకటించినప్పుడు ప్రపంచంలో ద్రవ్యరాశి అంతా దానివల్లేనని చాలాచోట్ల రాశారు, అది సరికాదు. హిగ్స్ క్షేత్రం వల్ల వచ్చేది క్వార్కులు, ఎలక్ట్రాన్ల లాంటి మూలకణాల ద్రవ్యరాశి. నీ బరువు 60 కేజీలైతే అందులో దాని వాటా అర కేజీకి కాస్త అటూ ఇటూ ఉంటుంది.