యూత్ లీడర్లుగా ఒప్పుకోవాలా అని అడిగినవారికి, మా ఆరేళ్ళ అనుభవం

సంఘంలో టీనేజ్ పిల్లల యూత్ గ్రూపును మీ భార్యాభర్తలిద్దరూ చూసుకోవాలని పాస్టర్ గారు అడిగారన్నారు. బైబిల్ వాక్యం పెద్దగా తెలియని మేము ఎలా చేయగలం అని మీ ప్రశ్న. గుంటూరు దగ్గర ఒక లూథరన్ సంఘంలో నేను, మా ఆయన ఆరేళ్ళు ఈ పని చేశాం. వాక్యం గురించి టెన్షన్ పడకండి, మెల్లగా వస్తుంది. ప్రతి ఆదివారం సాయంత్రం పిల్లల కంటే ముందే వెళ్ళి హాలు తలుపు తీయగలరేమో, అది ఆలోచించుకోండి.

మొదట్లో మేమూ వాక్యం మీదే పడ్డాం. మా ఆయన శనివారం రాత్రి కూర్చుని నోట్స్ రాసుకుని, మర్నాడు ముప్పావుగంట చెప్పేవారు. మూడు నెలల్లో 22 మంది పిల్లలు 9 మందయ్యారు. పాపం, పొద్దున ఆరాధనలో ప్రసంగం విన్న పిల్లలకు సాయంత్రం మళ్ళీ ప్రసంగమే పెట్టాం. తర్వాత దాన్ని పది నిమిషాలకు కుదించి, ఒక ఖాళీ హార్లిక్స్ సీసా పెట్టాం. పేరు లేకుండా ఏదైనా చీటీ మీద రాసి అందులో వేయొచ్చు. రెండు వారాలు సరదా ప్రశ్నలే వచ్చాయి. మూడో వారం ఒక చీటీలో, "నాన్న తాగొచ్చి అమ్మను కొడుతున్నాడు. రోజూ ప్రార్థన చేస్తున్నా. దేవుడు ఎందుకు ఆపట్లేదు?" అని ఉంది. మా ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయారు. చివరికి, "నాకు తెలియదు. కానీ మా ఇల్లు ఎక్కడో మీ అందరికీ తెలుసు, ఎప్పుడైనా రండి" అన్నారు. గురువారం సాయంత్రం ఆ అమ్మాయి వచ్చింది. నేను పాస్టరమ్మగారి దగ్గరకు తీసుకెళ్ళాను. తల్లీబిడ్డలు కొన్నాళ్ళు అమ్మమ్మగారింట్లో ఉన్నారు. ఆ తండ్రి మారాడని చెప్పలేను. అమ్మాయి మాత్రం పదో తరగతి పరీక్షలు ప్రశాంతంగా రాసింది.

"ఎవరికీ చెప్పనని మాటివ్వండి అక్కా" అని పిల్లలు అడుగుతారు. ఆ మాట ఇవ్వకండి. 18 ఏళ్ళలోపు పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012లో వచ్చిన పోక్సో చట్టం చెబుతోంది. చేసినవాడు సంఘపెద్ద అయినా, బంధువైనా సరే. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు హాలు గోడ మీద పిల్లలకు కనబడేలా అంటించండి. మీ జాగ్రత్త కూడా ముఖ్యం. తలుపు వేసిన గదిలో ఒక్క పిల్లతోనో పిల్లాడితోనో మాట్లాడొద్దు. మెసేజ్‌లు ఏవైనా మీరిద్దరూ ఉన్న గ్రూపులోనే పెట్టండి.

డిసెంబరు క్యారల్స్ రాత్రులు మాత్రం మీకు అసలు పరీక్ష. ఇంటింటికీ తిరిగేసరికి అర్ధరాత్రి దాటుతుంది. మేము ప్రతి అమ్మాయినీ గుమ్మం దాకా దింపి, లోపల గడియ పెట్టిన చప్పుడు విన్నాకే కదిలేవాళ్ళం. మొదట్లో పిల్లల్ని పంపనన్న తల్లులే రెండో ఏడు స్వెటర్లు తొడిగి పంపారు.

పదో తరగతి కాగానే సగం మంది ఇంటర్‌కని హాస్టళ్ళకు వెళ్ళిపోతారు. లెక్కలోంచి తీసేయకండి. ఇంటర్ ఫలితాల రోజు మన దగ్గర ఎంతమంది పిల్లలు ప్రాణం తీసుకుంటున్నారో ఏటా పేపర్లో చూస్తూనే ఉన్నాం. ఆ సాయంత్రం మేమిద్దరం ఫెయిలైనవాళ్ళ ఇళ్ళకే ముందు వెళ్ళేవాళ్ళం. మార్కుల మాట ఎత్తకుండా, టీ తాగి, ఆదివారం కీబోర్డు నువ్వే వాయించాలిరా అని చెప్పి వచ్చేవాళ్ళం. ఆరేళ్ళలో చేసిన పనులన్నిటిలో నేను ఇప్పటికీ తృప్తిగా తలుచుకునేది ఇదే.

కనీసం రెండేళ్ళు ఉండగలిగితేనే ఒప్పుకోండి. ఆరు నెలలకే లీడర్లు మారిపోతే పిల్లలు ఆ తర్వాత వచ్చేవాళ్ళకు మనసు విప్పరు. ఉద్యోగాల వల్ల నెలకు రెండు ఆదివారాలే కుదురుతాయంటే, ఆ విషయం పాస్టర్ గారికి ఇప్పుడే చెప్పి, ఇంకో జంటను కూడా తోడు ఇవ్వమని అడగండి.