హాస్టల్లో వేస్తే మారతాడా?

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. చిన్నప్పుడే ఆటిజం అని చెప్పారు. లెక్కల్లో చురుకు, స్నేహితులు మాత్రం లేరు. రోజూ పేపర్ చూసి ప్రకాశం బ్యారేజీ ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో నోట్సులో రాసుకుంటాడు. రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీ చేరిస్తే నలుగురితో కలిసి మారతాడని బంధువులు అంటున్నారు. చేర్చమంటారా?
- ఒక తల్లి, కృష్ణలంక, విజయవాడ

జవాబు: ఎంపీసీకి నా అభ్యంతరం లేదమ్మా, హాస్టల్‌కే ఉంది. ఆటిజం పెంపకం లోపం వల్ల వచ్చింది కాదు, నలుగురి మధ్య పడేస్తే పోయేదీ కాదు. మెదడు ఎదుగుదలలోనే ఉన్న తేడా అది. చాలామంది ఆటిజం పిల్లలకు చప్పుడు, వెలుతురు, చివరి నిమిషంలో మార్పులు మనకన్నా ఎన్నో రెట్లు ఇబ్బంది పెడతాయి. మన కార్పొరేట్ కాలేజీల సంగతి మీకు తెలియనిది కాదు. మెస్‌లో గోల, రాత్రి దాకా స్టడీ అవర్లు. వీక్లీ టెస్టు మార్కులను బట్టి సెక్షన్ మార్చే చోట్ల మళ్లీ కొత్త గది, కొత్త లెక్చరర్లు. లెక్కలు వచ్చిన పిల్లాడు కూడా అక్కడ లెక్కలకు కాదు, ఆ రొదకు ఓడిపోతాడు.

డే స్కాలర్‌గా, పిల్లలు తక్కువున్న కాలేజీ చూడండి. లేదంటే పాలిటెక్నిక్‌లో చేరే పరీక్ష పాలిసెట్ రాయించండి. మూడేళ్ల డిప్లొమాలో చేతులతో చేసే పని ఎక్కువ. ఆ తర్వాత ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. మీ వాడికి నేనైతే ఇదే చెబుతాను.

వాడికి వైకల్య సర్టిఫికెట్ ఉందో లేదో మీరు రాయలేదు. 'ముద్ర పడుతుంది' అని చాలామంది తీసుకోరు, నష్టపోయేది పిల్లలే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. వైకల్యం 40 శాతం, ఆపైన అని ధ్రువీకరిస్తే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం, ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం కోటా వర్తిస్తుంది. ఆ నాలుగులో ఒక శాతం ఆటిజం, మానసిక వైకల్యాల వంటి వాటికి కలిపి ఇచ్చింది. పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయం కోసం హెడ్‌మాస్టర్‌ను ఇప్పుడే అడగండి.

ఏ కాలేజీ అనుకున్నా చేర్చే ముందు రెండు మూడుసార్లు తీసుకెళ్లండి. ఒకసారి లంచ్ బెల్ కొట్టే వేళకు వెళ్లండి, వాడి ముఖం చూస్తే మీకే తెలుస్తుంది.

ఇక ఆ నోట్సు పనికిరానిదని ఎవరన్నా అంటే వినకండి. ఎక్సెల్ నేర్పించి అందులోకి ఎక్కించమనండి. 2024 సెప్టెంబరులో బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చిన రోజు నుంచి మొదలుపెట్టమనండి, ఇష్టంగా కూర్చుంటాడు.