సింథటిక్ బయాలజీ గురించి జనానికి చెప్పే ఉద్యోగాలు ఉన్నాయా?

ప్రశ్న: ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. మాది నల్లగొండ జిల్లాలో పత్తి పండించే కుటుంబం. జీవుల్లో జన్యువులను కొత్తగా అమర్చి మనకు కావలసింది తయారు చేయించే శాస్త్రం సింథటిక్ బయాలజీ, ఆ పేపరు నాకు బాగా నచ్చింది. కానీ ల్యాబ్‌లో పని చేయడం కన్నా దాని గురించి బడిపిల్లలకూ ఊళ్లో వాళ్లకూ చెప్పడమే ఎక్కువ ఇష్టం. నాన్నేమో "చెప్పడమే ఇష్టమైతే బీఈడీ చెయ్యి, ఇలాంటి ఉద్యోగాలు ఎవరిస్తారు" అంటున్నారు. ఈ దారిలో భవిష్యత్తు ఉందా సార్? – ఓ విద్యార్థిని

జవాబు: అమ్మా, నాన్నగారి సందేహం సరైనదే. ఈ పేరుతో పేపర్లో ఉద్యోగ ప్రకటన రాదు. పని మాత్రం ఉంది, వేరే వేరే పేర్ల కింద ఉంది. ఆ పేర్లు చెప్పే ముందు, అసలు ఈ పని ఎందుకు కావాలో మీ ఇంట్లోనే చూపిస్తాను.

ఈసారి ఊరెళ్లినప్పుడు నాన్నను ఒక మాట అడుగు. పత్తి విత్తనాల ప్యాకెట్‌లో 450 గ్రాముల బీటీ గింజలతో (పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునేలా జన్యువు మార్చినవి) పాటు 120 గ్రాముల చిన్న పొట్లం ఇంకొకటి వచ్చేది కదా, దాన్ని ఏం చేసేవారని. నేను అడిగిన రైతుల్లో చాలామంది "పనికిరాని గింజలు సారూ, గట్టు మీద పారేసేటోళ్లం" అన్నారు. ఒకాయన పశువుల కొట్టంలో చూరులో దోపిన పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. దాని మూతి కూడా విప్పలేదు. ఏళ్ల తరబడి ధూళి పట్టి ఉంది.

అందులో ఉన్నవి బీటీ కాని పత్తి గింజలు. వాటిని చేను చుట్టూ సాళ్లుగా వేయాలి. బీటీ విషాన్ని తట్టుకోలేని పురుగులు ఆ సాళ్లలో బతుకుతాయి. బీటీ మొక్క తిన్నా చావని మొండి పురుగులు ఏ కొన్నో ఉంటే, అవి వీటితో జతకడతాయి. పుట్టిన పిల్లలకు ఆ మొండితనం అంతగా రాదు. ఆ సాళ్లే లేకపోతే మొండివి మొండివాటితోనే కలిసి పెరిగిపోతాయి. పత్తి కాయను తొలిచే గులాబీ రంగు పురుగు చివరికి రెండు బీటీ జన్యువులున్న బీజీ-2 పత్తిని కూడా తట్టుకుని నిలబడిందంటే, దానికి ఉన్న కారణాల్లో ఈ పారేసిన పొట్లం ఒకటి. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక విత్తనం మారుమూల పల్లెకూ చేరింది. పొట్లం ఎందుకిచ్చారన్న సంగతి చేరలేదు. తర్వాత్తర్వాత ఆ గింజలను బీటీ గింజలతోనే ఒకే ప్యాకెట్‌లో కలిపి ఇచ్చే పద్ధతి తెచ్చారు. రైతుకు చెప్పి ఒప్పించడం చేతకాక ఎంచుకున్న దారిగానే నాకు అది కనిపిస్తుంది.

గట్టు మీద కూర్చుని ఆ పొట్లం సంగతి చెప్పే మనిషే, నువ్వు కావాలనుకుంటున్న మనిషి.

బీటీ పత్తి జన్యుమార్పిడి పంట. సింథటిక్ బయాలజీ అక్కడి నుంచి ఇంకా ముందుకు వెళ్లింది. ఒకటి రెండు జన్యువులు పెట్టడంతో ఆగకుండా, ఒక సూక్ష్మజీవిలో మొత్తం తయారీ వరసనే కొత్తగా అమర్చుతారు. ఇది నీకు తెలుసు. ఊళ్లో వాళ్లకు ఎలా చెబుతావు? 'సింథటిక్' అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది నైలాను చీర, లేదా యూరియా కలిపిన సింథటిక్ పాలు. 'కృత్రిమ జీవశాస్త్రం' అన్నావా, నకిలీ అనుకుంటారు. 'సంశ్లేషణ' అంటే నీ క్లాసులోనే సగం మందికి అర్థం కాదు. అందుకే పేరుతో మొదలుపెట్టకు, పనితో మొదలుపెట్టు. మీ వీధిలో షుగరుకు ఇన్సులిన్ వేసుకునే పెద్దమ్మ ఉంటుంది. ఒకప్పుడు ఆ మందు పందుల, పశువుల క్లోమం నుంచి తీసేవారు. 1982లో అమెరికా అనుమతి పొందిన ఇన్సులిన్‌ను బ్యాక్టీరియా చేత చేయించారు. 1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్-బి టీకా ఈస్ట్‌లో తయారైందే. "సూక్ష్మజీవి చేత మనకు కావలసింది చేయించుకుని, దాన్ని వడకట్టి తీసేసి, మందు మాత్రం ఉంచుకోవడం" అని చెప్పు. పెరుగు తోడు పెట్టే ఇంట్లో సూక్ష్మజీవి చేత పని చేయించుకోవడం కొత్త విషయమేమీ కాదు. అక్కడి నుంచి జన్యువుల దాకా మెల్లగా తీసుకెళ్లొచ్చు.

ఇంకో మాట. మంచి మాత్రమే చెప్పి ఆపకు. మలేరియా మందు ఆర్టెమిసినిన్ సంగతి చూడు. కాలిఫోర్నియాలో జే కీస్లింగ్ బృందం ఈస్ట్‌లో దాని ముడిపదార్థాన్ని తయారుచేసి 2006లో ప్రకటించింది. 2013లో సనోఫీ కంపెనీ పెద్ద ఎత్తున ఉత్పత్తి మొదలుపెట్టింది. పాఠాల్లో కథ తరచూ ఇక్కడితో ముగుస్తుంది. మొక్క నుంచి తీసే మందు ధర పడిపోవడంతో ఈస్ట్ మందు మార్కెట్లో నిలదొక్కుకోలేకపోయిందన్నది రెండో సగం. ఆ మొక్కను సాగుచేసే చిన్న రైతులు ఉన్నారన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. పత్తి రైతు బిడ్డవి, ఈ రెండో సగం నువ్వు వదలకూడదు. వదిలితే అది కంపెనీ ప్రకటన అవుతుంది.

వినడం కూడా ఈ పనిలో భాగమే. బీటీ వంకాయకు 2009 అక్టోబరులో నిపుణుల కమిటీ పచ్చజెండా ఊపాక, అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఏడు నగరాల్లో ప్రజల మాట విన్నారు. అందులో హైదరాబాద్ ఒకటి. మొత్తం మీద దాదాపు 8,000 మంది వచ్చారు. 2010 ఫిబ్రవరి 9న మారటోరియం, అంటే ప్రస్తుతానికి ఆపివేత, ప్రకటించారు. ఆ నిర్ణయం తప్పా ఒప్పా అన్న వాదన నీ తరగతిలోనూ జరిగే ఉంటుంది. నాకు బాధ కలిగించేది వేరే. విత్తనం సిద్ధమై, కమిటీ సరేనన్న తర్వాత గానీ రైతునూ వంకాయ కొనే ఇల్లాలినీ ఎవరూ అడగలేదు. సింథటిక్ బయాలజీలో అయినా ముందే అడగాలి. ఐజెమ్ అనే అంతర్జాతీయ విద్యార్థుల పోటీలో ఆ పద్ధతి ఉంది. ప్రయోగం ఒక్కటే చాలదు, ఎవరి కోసం చేస్తున్నారో వాళ్లతో మాట్లాడి, వాళ్ల మాట వల్ల ప్రాజెక్టు ఎలా మారిందో కూడా చూపించాలి. తిరుపతిలోని కేంద్ర సైన్స్ విద్యా సంస్థ ఐసర్ విద్యార్థుల జట్లు కూడా అందులో పాల్గొన్నాయి. వాళ్లు రాసిపెట్టిన ప్రాజెక్టు వివరాలు అందరికీ అందుబాటులో ఉంటాయి, చదువు.

ఇక ఉద్యోగాలు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ లాంటి జీవశాస్త్ర పరిశోధన సంస్థల్లో సైన్స్ కమ్యూనికేషన్, ఔట్‌రీచ్ పనులు, అంటే సైన్స్‌ను జనం దగ్గరికి తీసుకెళ్లే పనులు, ఉంటాయి. ఖాళీలు తక్కువ, మొదట్లో కాంట్రాక్టు మీద తీసుకోవడమే ఎక్కువ. హైదరాబాద్‌లోనే ఉన్న ఇండియా అలయన్స్, బెంగళూరులోని ఇండియా బయోసైన్స్ ఈ రంగంలో పని చేస్తున్నాయి. వాటి ప్రకటనలు చూస్తూ ఉండు. సైన్స్ మ్యూజియాలు, విద్యా సంస్థలకు పాఠాలు తయారుచేసే కంపెనీలు, మెడికల్ రైటింగ్ కూడా దారులే.

వీటన్నిటికన్నా ముందు నిన్ను తట్టమనే తలుపు బయోసేఫ్టీ, రెగ్యులేటరీ విభాగం, అంటే జీవ భద్రత, అనుమతులు చూసే విభాగం. జన్యుమార్పిడి జీవులతో పని చేసే ప్రతి సంస్థలోనూ 1989 నాటి నిబంధనల ప్రకారం బయోసేఫ్టీ కమిటీ ఉండాలి. హైదరాబాద్ దగ్గర బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ మీకు ఎంతో దూరం లేదు. అక్కడ రెండేళ్లు పని చేస్తే ఏది ప్రమాదమో, దాన్ని ఎలా అదుపు చేస్తారో, ఎవరు అనుమతిస్తారో కాగితాలతో సహా తెలుస్తుంది. జనం అడిగే మొదటి ప్రశ్న "ఇది బయటికి పోతే ఏమవుతుంది?" అనే. ఆ ప్రశ్నకు సొంతంగా చూసిన మనిషిలా జవాబు చెప్పగలగాలి. 2024లో కేంద్ర మంత్రివర్గం బయో-ఈ3 విధానానికి ఆమోదం తెలిపింది, సూక్ష్మజీవులతో తయారీ పరిశ్రమలను పెంచాలన్నది దాని ఉద్దేశం. ఇలా అటు పరిశ్రమతోనూ ఇటు జనంతోనూ మాట్లాడగలిగేవాళ్ల అవసరం పెరుగుతుందనే నా అంచనా.

బీఈడీని తక్కువ చేయకు. డీఎస్సీ రాసి జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే టీచరు ఏటా వందల మంది పిల్లలకు చేరుతుంది. ల్యాబ్ అనుభవం, బీఈడీ రెండూ ఉన్న మనిషి ఈ రంగంలో అరుదు. నాన్న మాట వింటే నీ దారి మూసుకుపోదు, కాస్త చుట్టు తిరుగుతావంతే.

ఈ ఏడాది నెలకొకటి చొప్పున తెలుగులో చిన్న వ్యాసాలు రాయి. రాసింది ఇంట్లో చదివి వినిపించు. "అర్థమైందా?" అని అడగొద్దు. "నేను చెప్పింది మళ్లీ నాకు చెప్పు" అని అడుగు. వాళ్లు ఎక్కడ తడబడితే అక్కడ నీ వాక్యం మార్చు. మొదటి వ్యాసం ఆ 120 గ్రాముల పొట్లం మీదే అయితే బాగుంటుంది. నాన్న ఏమన్నారో ఆయన మాటల్లోనే రాసి నాకు పంపు.