ఫైట్ సీన్‌లో ఎవరు ఎక్కడున్నారో పాఠకుడికి తెలియాలంటే ఎలా రాయాలి?

వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో ఛేజ్ రాశాను, చదివినవాళ్లు ఎవరు ఎటు పరిగెత్తారో తెలియట్లేదంటున్నారు అని అడిగారు కదా. ముందు కాగితం మీద ఆ చోటు గీయండి. జెట్టీ, కట్టేసిన బోట్లు, చేపల వేలం జరిగే చోటు, ఐస్ పెట్టెలు, బయటికెళ్లే గేటు, అంతే, బొమ్మ బాగుండక్కర్లేదు. వీటిని గొడవ మొదలవకముందే కథలోకి తెచ్చేయండి: హీరో తెల్లవారుజామున వంజరం బేరమాడుతూ తడి నేల మీద ఓసారి జారబోయాడనుకోండి, రెండు పేజీల తర్వాత విలన్ అక్కడే పడితే ఎవరూ ప్రశ్నించరు, అదే పరుగు మధ్యలో ఆగి నేల తడిగా ఉందని చెప్పారో, టెన్షన్ అంతా అక్కడే పోతుంది.

ఎవరికి ఏం కావాలో కూడా తేల్చుకోండి. ఒకడు గేటు దాటాలి, రెండోవాడు వాడి చేతిలో సంచి లాక్కోవాలి. ఇది తెలిస్తే పిడిగుద్దులన్నీ వరసపెట్టి రాయక్కర్లేదు (తెర మీద బాగుంటుంది గానీ, చదవడానికి బోరు). వాక్యంలో ముందు కారణం, తర్వాత ఫలితం: "తాడు కాలికి చుట్టుకుంది. పడ్డాడు." "ఒక్కసారిగా", "మెరుపు వేగంతో" లాంటివి కొట్టేయండి. అంతదూరం పరిగెత్తినవాడికి ఆయాసం వస్తుంది, కాబట్టి గేటు దగ్గర పెద్ద డైలాగ్ ఉంటే రెండు ముక్కలకు కుదించండి.