మీ ప్రశ్న – మా జవాబు: నాయనమ్మ యాసకు నవ్వే మనవడు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగే. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయికి ఒడియా చదవడం, రాయడం బాగా వచ్చు. బడిలో తెలుగు లేదు కాబట్టి తెలుగు అక్షరం ఒక్కటి రాదు. కానీ పొద్దస్తమానం తెలుగు పాటలు, రీల్సు, రాత్రయితే హిందీలోకి డబ్ చేసిన కొరియా సీరియళ్ళు. వాళ్ళ నాయనమ్మ "ఏటి సేస్తన్నావురా" అంటే కిసుక్కున నవ్వుతాడు. విశాఖ చుట్టాలకు మేం ఒరిస్సా వాళ్ళం, ఇక్కడి వాళ్ళకు తెలుగోళ్ళం. ఈ టీవీలూ ఫోన్లూ మా పిల్లల్ని ఎటూ కాకుండా చేసేస్తున్నాయేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: కొరియా సంగతి వదిలేయండి, ఆ మోజు దానంతటదే తీరుతుంది. ఎటూ కాకపోవడం కూడా ఫోన్ల పని కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి ఎస్టేటునే రెండు ముక్కలు చేశారు, పట్నం, కొన్ని ఊళ్ళు అటు వెళ్ళాయి, మిగతా ఊళ్ళు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయాయి. మీ అత్తగారి తరానికే పాతబడిపోయిన గొడవ ఇది. చుట్టాలు ఏమన్నా మీరు రెండూ అవుతారు, అందులో నామోషీ ఏముంది?

నిజం చెప్పాలంటే మీ ఇంట్లో తెలుగు మోత పెంచింది టీవీయే. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాక, ఏ రాష్ట్రంలో ఉన్నా కేబుల్ కనెక్షన్ ఉంటే తెలుగు నట్టింట్లోకి వచ్చేసింది. వచ్చింది ఎవరి తెలుగన్నదే పేచీ. హైదరాబాదులో తయారైన ఆ తెలుగులో మీ అత్తగారి యాస ఎక్కువగా పనిమనిషి వేషానికో, కామెడీ బావగాడికో దక్కుతుంది, హీరోకి దక్కడం అరుదు. మీవాడు ఆ నవ్వు అక్కడే నేర్చుకున్నాడు. ప్రపంచీకరణ అనగానే అమెరికా వచ్చి మీద పడుతుందనుకుంటాం గానీ, సరిహద్దు ఊళ్ళకు అది మొదట హైదరాబాదు వేషంలోనే వస్తుంది, సొంత మనిషిలా ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఒక సంగతి వాడికి చెప్పండి. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది మీ ఊళ్ళోనే. అక్కడుండే సవర గిరిజనుల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు కూడా రాశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. అలాంటి ఊళ్ళో "ఏటి" అనడం మోటు ఎప్పుడయిందో మరి!

నాకు భయం వేసేది నవ్వు గురించి కాదు, అక్షరం గురించి. పాటలు వింటే చెవికి తెలుగు దక్కుతుంది, కంటికి దక్కదు, వాడేమో మెసేజీలు కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడుతుంటాడు. ఇదేమంత కష్టం కాదు. ఒడియా వచ్చిన పిల్లాడికి అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ వరస ముందే తెలుసు, గుణింతం పద్ధతీ తెలుసు, నేర్చుకోవాల్సింది ఎక్కువగా కొత్త ఆకారాలే, పైగా రెండూ గుండ్రటి లిపులే. వేసవి సెలవుల్లో కూర్చోబెడితే వచ్చేస్తుంది. పక్కనే ఆంధ్రాలో పాతపట్నం, అక్కడికి వెళ్ళినప్పుడల్లా బస్సు బోర్డులు, దుకాణాల పేర్లు చదివించండి. తప్పు చదివితే మీరు నవ్వకండి, ఇంట్లో ఒకళ్ళు నవ్వేది చాలు.

ప్రశ్న: మాది రాయగడ. మార్చి 20న ఒడియా వాళ్ళు పఖాళ దినమని చద్దన్నం ఫోటోలు ఫోన్ల నిండా పెడతారు. మా కోడలూ పెట్టింది. మనం తెలుగువాళ్ళం, మనకెందుకు ఈ ఆర్భాటం?
– ఒక పాఠకుడు

జవాబు: మీ ఇంట్లో తరవాణి కుండ ఎప్పుడు మానేశారో ముందు ఆలోచించండి. పులిసిన అన్నం మన పెద్దవాళ్ళూ తిన్నారు, పేరే వేరు. నాగరికం కాదని మనం మూల పెట్టిన చద్దన్నానికి ఫోన్ల పుణ్యమా అని ఫోటో దిగే యోగం పట్టింది, పట్టనివ్వండి. కోడల్ని ఏమీ అనకండి, వచ్చే ఏడు ఆ గిన్నె పక్కన కాస్త ఆవకాయ కూడా పెట్టమనండి. ఫోటో అయ్యాక తినమని కూడా చెప్పండి, ఈ రోజుల్లో అక్కడే ఎగ్గొడుతున్నారు.