సంచి నీళ్లు మబ్బుగా ఉంటే ఆగొద్దు

ప్రశ్న: మా నాన్నకు 72 ఏళ్లు, షుగర్ ఉంది. ఇంట్లోనే పొట్ట డయాలసిస్ చేస్తున్నాం. ఇన్‌ఫెక్షన్ వస్తే ఈ వయసులో తట్టుకోలేరని బంధువులు భయపెడుతున్నారు. నిజమేనా?

జవాబు: వయసొక్కటే చూసి టెన్షన్ పడకండి, గుండె, షుగర్, తిండి ఎలా ఉన్నాయన్నదీ అంతే ముఖ్యం. కానీ పెరిటోనైటిస్, అంటే పొట్ట లోపలి పొరకు వచ్చే ఇన్‌ఫెక్షన్ మాత్రం పెద్దవాళ్లకు ప్రాణం మీదికి తేగలదు. డయాలసిస్‌లో పొట్టలోంచి సంచిలోకి బయటికొచ్చిన నీళ్లు మబ్బుగా ఉన్నా, కడుపు నొప్పి వచ్చినా, జ్వరం లేదు కదా అని రేపటిదాకా చూడకుండా ఆ సంచి పట్టుకునే ఆస్పత్రికి వెళ్లండి. ఆ నీళ్లలో తెల్లకణాలు మైక్రోలీటరుకు 100 దాటి, వాటిలో సగానికి పైగా న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) ఉంటే ఇన్‌ఫెక్షన్ కిందే లెక్క. యాంటీబయాటిక్‌ను ఎక్కువగా పొట్టలోకే ఎక్కిస్తారు, 2-3 వారాలు పడుతుంది. ఆయన చేతులు వణుకుతుంటే సంచి మార్చే పని మీరే నేర్చుకోండి. ఫ్యాన్ ఆపి, మాస్క్ పెట్టుకుని, కడిగిన చేతులు పూర్తిగా ఆరాకే గొట్టం ముట్టుకోవాలి. అన్నట్టు, మలబద్ధకం వల్లా ఇన్‌ఫెక్షన్ రావచ్చు, ఆ సంగతి చాలామంది అడగనే అడగరు.